వెబ్ భద్రత నుంచి ఇంటర్నెట్ గవర్నెన్స్ దాకా: రాజోలు నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీది రాజోలు దగ్గర ఊరు. బీటెక్ పూర్తయి రెండేళ్లయింది, ఒక హోస్టింగ్ సంస్థకు ఇంటి నుంచే సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నారు. వెబ్ భద్రత మీద ఆసక్తి ఉంది, ఇంటర్నెట్ గవర్నెన్స్ (ఇంటర్నెట్ నడిచే నియమాలను ఎవరు, ఎలా నిర్ణయించాలన్న వ్యవహారం) అనే మాట ఈ మధ్యే విన్నారు. అందులో ఉద్యోగాలుంటాయా, దానికి లా చదవాలా, కోనసీమలోనే ఉండి ఆ పని చేయవచ్చా, ఏ సర్టిఫికేషన్‌తో మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఉద్యోగం వెబ్ భద్రతలో వెతుక్కోండి, గవర్నెన్స్‌లోకి ఆ పని మీదుగానే వెళ్లండి. గవర్నెన్స్ మాత్రమే పనిగా ఉండే ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ, ఉన్నవాటిలోనూ ఏదో ఒక సాంకేతిక విషయంలో చేయి తిరిగినవారికే మాట చెల్లుతుంది. లా పట్టా అక్కర్లేదు, కానీ కొన్ని చట్టాలనూ ఒప్పందాలనూ మూలపాఠంలోనే చదవాలి. ఊళ్లో ఉండి చాలావరకు చేయవచ్చు. సర్టిఫికేషన్ సంగతి వీటన్నిటికంటే చిన్నది, చివర్లో చెబుతాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా డొమైన్ పేర్లు, సర్టిఫికేట్లు (ఒక సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే డిజిటల్ పత్రాలు), మెయిల్ భద్రత మీద పనిచేస్తున్నాను. మొదటి కొన్నేళ్లు హైదరాబాద్‌లో, ఆ తర్వాత భీమవరం నుంచి. భద్రతలో ఏ సమస్యనైనా చివరిదాకా వెంబడిస్తే అది ఒక చోట సాంకేతిక సమస్యగా ఆగిపోయి, "దీన్ని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది" అన్న ప్రశ్నగా మారుతుందని నాకు తెలిసింది ఒక కేసు వల్లే. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

2014లో ఇక్కడి ఒక రొయ్యల ఎగుమతి సంస్థ వారు నన్ను పిలిచారు. వారి విదేశీ కొనుగోలుదారుకు "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ సరుకు డబ్బు కొత్త ఖాతాలో వేయండి" అని ఒక మెయిల్ వెళ్లింది, అతను వేసేశాడు. ఆ మెయిల్ ఈ సంస్థ పంపలేదు. కింద సంతకం వారిదే, ఇన్‌వాయిస్ నంబరు సరైనదే, కంటైనర్ వివరాలు కూడా సరైనవే. పంపినవారి చిరునామాను ఆఫీసులో నలుగురు చూశారు, నలుగురికీ అది తమదిలాగే కనిపించింది. తెర మీద అక్షరాలను బాగా పెద్దవి చేసి చూస్తే అప్పుడు తేలింది: ఇంగ్లిష్ 'ఎమ్' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' అనే రెండు చిన్న అక్షరాలు పక్కపక్కన ఉన్నాయి. ఆ దొంగ డొమైన్ అంతకు తొమ్మిది రోజుల ముందే రిజిస్టర్ అయింది.

లోపల మేం చేయగలిగినదంతా చేశాం. గుమస్తా మెయిల్ పాస్‌వర్డ్ మరో సైట్‌లోనూ అదే కావడం వల్ల మెయిల్‌బాక్స్ బయటివారి చేతికి చిక్కిందనీ, "ఇన్‌వాయిస్" అన్న మాట ఉన్న ప్రతి మెయిల్ బయటి చిరునామాకు కాపీ వెళ్లేలా ఒక ఫార్వర్డింగ్ నియమం పెట్టారనీ కనిపెట్టాం. పాస్‌వర్డ్‌లు మార్చాం, రెండంచెల ధ్రువీకరణ పెట్టించాం, వారి డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే, మెయిల్ అసలైనదో కాదో సరిచూసే రికార్డులు పెట్టాం. కానీ ఈ మూడూ ఆపేది మీ డొమైన్ పేరుతోనే ఇతరులు పంపే మెయిల్‌ను. దొంగ డొమైన్ పూర్తిగా దొంగదే, దానికి అతనే సక్రమంగా ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టుకోగలడు. అంటే మా పనిముట్లు అక్కడికి అయిపోయాయి, ఆ డొమైన్ మాత్రం బతికే ఉంది.

దాన్ని అమ్మిన రిజిస్ట్రార్ వేరే దేశంలో ఉన్నాడు. ఫిర్యాదుల చిరునామాకు ఆధారాలన్నీ జతచేసి రాశాను. పదకొండు రోజుల తర్వాత "పరిశీలించాం, మా కస్టమర్‌కు తెలియజేశాం" అని జవాబు వచ్చింది. ఆలోగా అదే డొమైన్ నుంచి రెండో కొనుగోలుదారుకు కూడా ఉత్తరం వెళ్లింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే రిజిస్ట్రార్లకూ, ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థకూ మధ్య ఉండే 2013 నాటి అక్రెడిటేషన్ ఒప్పందాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. దుర్వినియోగంపై ఫిర్యాదు వస్తే రిజిస్ట్రార్ తగిన, సత్వర చర్యలతో "విచారించి, స్పందించాలి" అని అందులో ఉంది. ఆపాలి అని లేదు. అతను విచారించాడు, స్పందించాడు. ఒప్పందం ప్రకారం అతని తప్పేమీ లేదు.

ఇంటర్నెట్ గవర్నెన్స్ అంటే ఏమిటని ఎవరడిగినా నేను ఆ రెండు క్రియాపదాలనే చూపిస్తాను. 2024 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఫిషింగ్, మాల్‌వేర్, బాట్‌నెట్ (దొంగల చేతిలో పడ్డ కంప్యూటర్ల గుంపు), ఫార్మింగ్ (సరైన చిరునామా కొట్టినా దొంగ సైట్‌కు మళ్లించడం), వాటిని చేరవేసే స్పామ్ విషయంలో చర్య తీసుకోదగ్గ ఆధారం అందితే, దాన్ని ఆపేందుకు లేదా అడ్డుకునేందుకు అవసరమైన చర్యను రిజిస్ట్రార్ వెంటనే తీసుకోవాలి. "స్పందించు" అన్న మాట పక్కకు "ఆపు" అన్న మాట చేరడానికి పదేళ్లకు పైగా పట్టింది. దాని వెనుక వందల మంది ఫిర్యాదులు, లెక్కలు, ముసాయిదాలు, చర్చలు ఉన్నాయి. 2016 నవంబరు 3 నుంచి 9 వరకు ఐకాన్ 57వ సమావేశం హైదరాబాద్‌లో జరిగినప్పుడు నేనూ వెళ్లి, బహిరంగ వేదికలో మైకు దగ్గర వరసలో నిలబడి ఆ రొయ్యల సంస్థ కేసును చెప్పాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలే ఇస్తారు, అందుకని కాగితం మీద రాసుకుని గడియారం పెట్టుకుని మూడుసార్లు చదువుకుని వెళ్లాను. నా రెండు నిమిషాల వల్లే ఒప్పందం మారిందని అనడం లేదు. అలాంటి రెండు నిమిషాలు ఎన్నో పోగయ్యాయి, అందులో భీమవరం నుంచి వచ్చిన ఒక కేసూ ఉంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు కూడా చెప్పాలి. ఈ ఒప్పందం డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి సాధారణ డొమైన్లకే వర్తిస్తుంది. మన డాట్ ఇన్ దేశ డొమైన్, దాన్ని చూసేది నిక్సీ అనే మన దేశపు సంస్థ, అక్కడి నియమాలు వేరు. ఫిర్యాదు రాసేముందు ఎవరి పరిధిలోకి రాయాలో తెలుసుకోవడమే సగం పని.

మీది కాలువ కింది ఊరు కాబట్టి ఇది మీకు సులువుగా అర్థమవుతుంది. మా నాన్నగారికి శివారు పొలం ఉండేది, దాళ్వాలో వంతులవారీగా నీళ్లిచ్చినప్పుడు మా వంతు వచ్చేసరికి కాలువలో నీళ్లుండేవి కావు. ఆయన మొదట్లో లస్కరుతో గొడవపడేవారు. లస్కరు తూము తెరుస్తాడు, మూస్తాడు, అంతే. వంతు నిర్ణయించేది అతను కాదు. తర్వాత ఆయన నీటి సంఘం సమావేశాలకు వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ ఆయన మాట ఎందుకు విన్నారంటే, ఏ తూము తలుపు కిందనుంచి నీరు కారిపోతోందో, ఏ మలుపులో గుర్రపుడెక్క పేరుకుందో గట్టు వెంట నడిచి చూసి వచ్చి చెప్పేవారు. తూము సంగతి తెలియనివారు సభలో ఎంత చక్కగా మాట్లాడినా నీళ్లు కదలవు. సభ సంగతి తెలియనివారు లస్కరు మీద అరుస్తూనే ఉంటారు. మీరు ఈ రెండింటి మధ్య నడవగలిగిన మనిషి కావాలి.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. నిర్ణయాలన్నీ ఒకే చోట జరగవు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు, అంటే ప్రొటోకాల్, రాసేది ఐఈటీఎఫ్ అనే ఇంజనీర్ల వేదిక. వెబ్ పేజీలకు సంబంధించిన ప్రమాణాలు చాలావరకు రాసేది డబ్ల్యూ3సీ. డొమైన్ పేర్ల ఒప్పందాలు ఐకాన్‌వి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు ఐపీ చిరునామాలను పంచేది ఆప్నిక్. సర్టిఫికేట్ల నియమాలు సీఏ బ్రౌజర్ ఫోరంవి, అక్కడ ఓటు వేసేది సర్టిఫికేట్లు జారీచేసే సంస్థలు, బ్రౌజర్ సంస్థలు. 2011లో డిజినోటార్ అనే డచ్ సంస్థలోకి చొరబడి గూగుల్ పేరిట దొంగ సర్టిఫికేట్ పుట్టించి, దాన్ని ఇరాన్‌లోని వాడుకరుల మీద ప్రయోగించారు. 2014లో మన దేశంలోనే ఒక జారీ కేంద్రం నుంచి గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికేట్లు వెలువడ్డాయి. జారీ అయిన ప్రతి సర్టిఫికేట్‌నూ అందరూ చూడగలిగే లాగ్‌లో రాయాలన్న సర్టిఫికేట్ ట్రాన్స్‌పరెన్సీ పద్ధతి డిజినోటార్ వంటి ఘటనల ఒత్తిడిలోంచే వచ్చింది. 2018 ఏప్రిల్ తర్వాత జారీ అయిన సర్టిఫికేట్లకు క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది. ఇప్పుడు మీరు మీ డొమైన్ పేరిట ఎవరు సర్టిఫికేట్ తీసుకున్నారో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఇదే ఫోరం 2025 ఏప్రిల్‌లో సర్టిఫికేట్ల ఆయుష్షును దశలవారీగా తగ్గించాలని ఓటు వేసింది: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 నుంచి 100, 2029 నుంచి 47. తణుకులోనో మండపేటలోనో ఏడాదికోసారి చేత్తో సర్టిఫికేట్ మారుస్తూ వచ్చిన ప్రతి చిన్న సంస్థనూ ఈ ఓటు తాకుతుంది. మీ సపోర్ట్ ఉద్యోగంలో రాబోయే మూడేళ్లలో మీకు వచ్చే ఫోన్లలో చాలా భాగం దీని గురించే ఉంటాయి. ఆ ఫోన్ల వివరాలను ఇప్పటి నుంచే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ప్రభుత్వ అధికారం నేరుగా కనిపించే సందర్భం మీకూ గుర్తుండే ఉంటుంది. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసే మా బంధువుల పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టు మీద కూర్చున్నారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. కానీ అది ఏ నిబంధన కింద జరిగిందో మీకు తెలిసి ఉండాలి. అప్పుడు అమల్లో ఉన్నవి 2017 టెలికాం సేవల తాత్కాలిక నిలిపివేత నియమాలు. వాటి ప్రకారం ఉత్తర్వు ఇవ్వాల్సింది హోంశాఖ కార్యదర్శి స్థాయి అధికారి, ఒక సమీక్షా సంఘం దాన్ని పరిశీలించాలి. 2020 జనవరి 10న అనురాధా భసిన్ కేసులో సుప్రీంకోర్టు అటువంటి ఉత్తర్వులను ప్రచురించాలనీ, నిరవధికంగా నిలిపివేయడం చెల్లదనీ చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక ఉత్తర్వుకు 15 రోజుల గరిష్ఠ గడువు వచ్చింది. 2024లో పాత నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి. లా చదవాలా అని అడిగారు కదా, నా ఉద్దేశంలో చదవాల్సిన లా ఈ పరిమాణంలో ఉంటుంది: కొద్ది పేజీల నియమావళి, ఒక తీర్పు, ఒక ఒప్పందం. వాటి గురించి ఇతరులు రాసినవి కాకుండా వాటినే చదవండి.

ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు మాత్రం రేపే చదవండి. అనుమతి లేకుండా ఇతరుల సిస్టమ్‌ను పరీక్షించవద్దు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ అనుమతి లేని ప్రవేశానికి 43 కింద పరిహారం కట్టాల్సి రావచ్చు, అది మోసపూరితంగానో నిజాయితీ లేకుండానో చేశారని తేలితే 66 కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మా దగ్గరి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి స్థానిక సైట్‌లో ఒక లోపం కనిపెట్టాడు. వెబ్ చిరునామా చివరి అంకె మారిస్తే వేరేవారి రసీదు తెరుచుకుంటోంది. అక్కడితో ఆగి చెప్పి ఉంటే సరిపోయేది. నలభై రసీదులు తెరిచి, స్క్రీన్‌షాట్‌లు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కేసు పెట్టారు, ఏడాది పాటు తిరిగాడు, చేతికొచ్చిన క్యాంపస్ ఉద్యోగం పోయింది. లోపం కంటపడితే రుజువుకు కావాల్సినంత వరకే చూసి, సైట్‌లో సెక్యూరిటీ డాట్ టెక్స్ట్ అనే ఫైలు ఉంటే అందులోని చిరునామాకు, లేకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్‌కు రాయండి. జవాబు వచ్చేదాకా ఎవరికీ చెప్పకండి.

ఇక ఎలా మొదలుపెట్టాలన్నది. డొమైన్ పేర్లు, సర్టిఫికేట్లు, బ్రౌజర్ భద్రత, రూటింగ్ (డేటా ఏ దారిలో వెళ్లాలో నిర్ణయించడం) అనే నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోండి. మీ పేరిట ఒక డొమైన్ కొనండి, అది మీ ప్రయోగశాల, అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. దానికి మీరే నేమ్ సర్వర్ (డొమైన్ పేరుకు ఐపీ చిరునామా చెప్పే సర్వర్) నడపండి, ఆ జవాబు మధ్యలో మారలేదని రుజువు చేసే డీఎన్‌ఎస్‌సెక్ సంతకం చేయండి, కావాలనే తప్పుగా చేసి ఏమవుతుందో చూడండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచిత సర్టిఫికేట్ తీసుకుని దానంతట అదే మారేలా చేయండి. డీమార్క్ పెట్టి, రోజూ వచ్చే నివేదికలను మూడు నెలలు చదవండి. నా దగ్గర పనికి చేరిన వారికి నేను మొదట ఇచ్చే పని ఈ నివేదికలు చదవడమే. ఎవరు మీ పేరు వాడుకుంటున్నారో, ఎవరి సర్వర్ తప్పుగా ఉందో అందులో అంకెల రూపంలో కనిపిస్తుంది.

ఆ తర్వాత ఐఈటీఎఫ్‌లో మీ అంశానికి చెందిన వర్కింగ్ గ్రూప్ మెయిలింగ్ జాబితాలో చేరండి. సభ్యత్వం, రుసుము, సిఫారసు ఏవీ అక్కర్లేదు. ఆరు నెలలు రాయకుండా చదవండి. అక్కడ ఓట్లు ఉండవు. సుమారైన ఏకాభిప్రాయం, నడిచే కోడ్ అన్నవే ప్రమాణం. అందరూ ఒప్పుకున్నారా అని కాకుండా, లేవనెత్తిన ప్రతి సాంకేతిక అభ్యంతరానికీ సమాధానం దొరికిందా అని చూస్తారు. ఒక కొత్త మనిషి అభ్యంతరం సరైనదైతే దాన్ని పక్కన పెట్టేయడానికి వీల్లేదు. సర్టిఫికేట్ల జారీకి సంబంధించిన ఒక ముసాయిదాలో ఒక వాక్యం "తప్పనిసరి" అని ఉండాల్సిన చోట "చేయదగినది" అని ఉందనిపించి నేను నాలుగు వరసల మెయిల్ రాశాను. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఐఈటీఎఫ్ పత్రం ప్రకారం ఈ రెండు మాటలకూ మధ్య తేడా చాలా పెద్దది, "చేయదగినది" అన్నదాన్ని కారణం చూపి వదిలేయవచ్చు. నా వాదనకు ఆధారంగా మేం నడిపే సర్వర్ లాగ్‌లో పన్నెండు వరసలు జతచేశాను. రెండు వారాలు చర్చించి వాక్యం మార్చారు. నేనెవరో, ఎక్కడివాడినో ఎవరూ అడగలేదు. లాగ్ మాత్రం అడిగారు.

ఇంగ్లిష్‌లో చిన్నగా, స్పష్టంగా రాయడం ఈ రంగంలో కోడ్ రాయడమంత ముఖ్యం. అలాగే మీ తెలుగును పెట్టుబడిగా చూడండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన సందేశం మీకు గుర్తుండవచ్చు. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, దీర్ఘం, ఈ వరసలో వస్తే చాలు, 'జ్ఞా' అక్షరాన్ని చూపించబోయిన యాప్ ఆగిపోయేది. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఆ కనిపించని గుర్తు మనం రోజూ వాడేదే. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు 'ట్' పక్కన అది ఉంటుంది. తీసేస్తే 'సాఫ్ట్వేర్' అవుతుంది. డొమైన్ పేర్లలో ఇది తలనొప్పి, ఎందుకంటే కంటికి ఒకేలా ఉండే రెండు పేర్లు కంప్యూటర్‌కు వేరుగా ఉండవచ్చు. అందుకే డాట్ కామ్ లాంటి చివరి భాగాలను ఏ అక్షరాలతో పెట్టవచ్చో చెప్పే రూట్ జోన్ నియమాల్లో దాన్ని అనుమతించలేదు. 2019లో వచ్చిన ఆ నియమాల మూడో కూర్పులో తెలుగు లిపి చేరింది. తెలుగు, కన్నడ లిపుల్లో 'గ', 'ర' వంటివి దాదాపు ఒకే రూపంలో ఉంటాయి కాబట్టి, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి మోసం చేయకుండా రెండు లిపుల మధ్య పోలిక పట్టికలు తయారుచేశారు. భీమవరం రొయ్యల సంస్థ కేసులో 'ఆర్', 'ఎన్' చేసిన పనే ఇక్కడ మన అక్షరాలు చేయగలవు. ఈ పనికి భద్రత తెలిసినవారు, లిపి తెలిసినవారు ఇద్దరూ కావాలి, రెండూ తెలిసినవారు చాలా తక్కువ.

ఆదాయం గురించి దాచకుండా చెబుతాను. నా జీవనం గడిచేది కంపెనీలకు చేసే భద్రతా పనితో. సమావేశాలు, ముసాయిదాలు చదవడం, మెయిల్స్ రాయడం, వీటికి నాకు ఎవరూ జీతం ఇవ్వలేదు. పెద్ద సంస్థలు తమ ఉద్యోగులను జీతమిచ్చి పంపుతాయి, కాబట్టి గదిలో వారే ఎక్కువమంది ఉంటారు, వారి అవసరాలే ముందు వినిపిస్తాయి. ఇది ఈ వ్యవస్థలో నిజమైన లోపం, దీని గురించి నాకు బాధ ఉంది. దీన్ని కొంత సరిచేయడానికే ఐకాన్, ఆప్నిక్ ఫెలోషిప్‌లు ఇస్తాయి, ప్రయాణం, బస వారే చూసుకుంటారు.  దరఖాస్తులో మీ ప్రాంతపు నిర్దిష్ట అనుభవం రాయండి, డిగ్రీ మార్కులు కాదు.

ఊళ్లో ఉండి చేయడం గురించి: మెయిలింగ్ జాబితాలకు ఊరు అడ్డం కాదు. సమావేశాలు ఆన్‌లైన్‌లో వినవచ్చు, అయితే అమెరికా వేళలు మనకు అర్ధరాత్రి అవుతాయి, ఇంట్లోవారికి ముందే చెప్పుకోవాలి. కరెంటు, నెట్ రెండు దారుల్లో ఉండేలా చూసుకోండి. నా సలహా ఏమిటంటే, మొదటి మూడు, నాలుగేళ్లు వీలైతే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నలుగురు సీనియర్ల పక్కన కూర్చుని పనిచేయండి. ఒక సర్వర్ పడిపోయిన రాత్రి పక్కవారు ఏం చూస్తున్నారు, ఏ వరసలో చూస్తున్నారు అన్నది దూరం నుంచి నేర్చుకోవడం కష్టం. ఆ తర్వాత రాజోలు తిరిగి రావచ్చు, నేను భీమవరం వచ్చినట్టే.

సర్టిఫికేషన్: కంపెనీల తొలి వడపోతలో పేరు నిలవడానికి ఏదో ఒకటి ఉపయోగపడుతుంది. ప్రాక్టికల్ పరీక్ష ఉన్నదే తీసుకోండి, అప్పు చేసి మాత్రం తీసుకోవద్దు. నేను మనుషులను ఎంచుకునేటప్పుడు మొదట అడిగేది, మీరు స్వయంగా పాడుచేసుకుని స్వయంగా బాగుచేసుకున్న వ్యవస్థ ఏదైనా ఉంటే దాని గురించి రెండు పేజీలు రాసి ఇవ్వమని.

పైన చెప్పిన నాలుగు అంశాల్లో ఏది ఎంచుకున్నారో రాయండి. డొమైన్ పేర్ల వైపు వస్తానంటే, మీ డొమైన్‌కు మీరు రాసిన మొదటి జోన్ ఫైల్‌ను (ఆ డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైల్) ఇక్కడే పెట్టండి, వరస వరసా చూసి చెబుతాను.